లాకు దగ్గర సుభద్ర వంతు

గోదారి జిల్లా మర్యాద గురించి కొత్తగా చెప్పేదేముంది! విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసే రకం. రామచంద్రపురంలో పుట్టి పెరిగిన సుభద్రకి ఆ మర్యాద ఉగ్గుపాలతోనే వచ్చింది, బెర్లిన్ వచ్చి పద్నాలుగేళ్ళయినా వదల్లేదు. రొట్టెల దుకాణం ముందు వరసలో వెనకాల ఎవరైనా కాస్త హడావుడిగా కనిపిస్తే చాలు, పక్కకి జరిగి "మీరు కానివ్వండి" అంటుంది. అపార్ట్‌మెంటు కింద బట్టలుతికే గదిలో తన వంతు వచ్చిన రోజున కూడా, పక్కింటావిడ బుట్టతో దిగితే తన బుట్ట ఎత్తుకుని పైకొచ్చేస్తుంది. ఆఫీసు మీటింగులో ఈవిడ నోరు తెరిచేలోపు ఇంకొకరు తెరుస్తారు, ఈవిడ మూసుకుంటుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళ సామెత ఒకటుంది గానీ, నలుగురిలో చెప్పేది కాదు.

మంచి మనిషే, కాదనం. అయితే మంచితనానికి మార్కులు వెయ్యని పరీక్ష ఒకటుంది లోకంలో. అది జర్మనీ డ్రైవింగ్ టెస్టు.

మూడుసార్లు తప్పింది మహాతల్లి. ఒకసారి తనకే ముందు వెళ్ళే హక్కున్న కూడలిలో బండి ఆపేసి, ఎడమ పక్క నుంచి వస్తున్న ఆయన్ని "రండి రండి" అని చేత్తో పిలిచింది. ఇంకోసారి ఆటోబాన్ అనే పెద్ద రహదారి మీదకి ఎక్కాల్సిన చోట, వచ్చే కార్లన్నిటికీ దారిస్తూ నిలబడిపోయింది. మూడోసారైతే మరీ విచిత్రం. ఇరుకు వీధిలో బస్సువాడు ఈవిడ కోసం ఆగితే, ఈవిడ బస్సు కోసం వెనక్కి నడపడం మొదలుపెట్టింది. పరీక్ష చేసే పెద్దమనిషి కోప్పడలేదు. "మీకు నడపడం వచ్చు. మీ వంతు తీసుకోవడం రాదు. రోడ్డు మీద అది అందరికీ ప్రమాదం" అన్నాడు. ఆ మాట సుభద్రకి ముల్లులా గుచ్చుకుంది.

భర్త దశరథ్‌కి మాత్రం ఏమీ గుచ్చుకోలేదు. ఆయనకి లైసెన్సు మొదటిసారే వచ్చేసింది మరి. "పోనీలే సుభద్రా, ఊళ్ళో ఇన్ని రైళ్ళుండగా నీకు కారెందుకు?" అన్నాడు. పోనీలే అన్నది ఆయన ఊతపదం. పరాయి దేశం, మనకెందుకు గొడవ అన్నది ఆయన సిద్ధాంతం. కారేసుకుని ఎక్కడికో పోవాలని కాదు సుభద్ర బాధ. పద్నాలుగేళ్ళుగా ఏ ఊరెళ్ళినా పక్క సీట్లో జంతికల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడమే. ఒక్కసారైనా స్టీరింగు తన చేతిలో ఉండాలని కోరిక. అందుకే మొగుడికి చెప్పకుండా నాలుగోసారి టెర్మిన్, అంటే పరీక్ష తేదీ, తీసుకుంది. వచ్చే మంగళవారమే పరీక్ష. తీసుకున్నప్పుడున్న ధైర్యం రోజురోజుకీ కారిపోయి, ఈ రాత్రికి డ్రైవింగు మాస్టారికి "నేను రావడంలేదండీ" అని ఫోనులో రాసి పంపేద్దామన్న దాకా వచ్చింది. అలాంటి ఆదివారం నాడు సుభద్ర పడవ నడపాల్సొచ్చింది.

బెర్లిన్‌కి ఉత్తరాన హాఫెల్ నది మీద, సన్నగా పొడుగ్గా ఉండే హౌస్‌బోట్లు అద్దెకిస్తారు. లోపలే వంటిల్లు, మంచాలు, అన్నీనూ. అక్కడి నీళ్ళలో ఆ పడవలకి లైసెన్సు అక్కర్లేదు. అద్దెకిచ్చే ఆయన ఓ పూట కూర్చోబెట్టి నేర్పి, కాగితం ఒకటి చేతిలో పెడతాడు. కూతురు శ్రావ్యకి బడి సెలవులని దశరథ్ పడవ మాట్లాడాడు. తను చక్రం దగ్గర, భార్య ముందు వైపు తాడు దగ్గర అని ఆయన ఏర్పాటు.

ఆ ఏర్పాటు మొదటి లాకు దాకా కూడా నిలవలేదు. లాకులంటే మన కోనసీమ కాలవల మీద ఉన్నట్టే, రెండు తలుపుల మధ్య నీళ్ళ గది. పడవ లోపలికెళ్ళాక వెనక తలుపు మూసి నీళ్ళు నింపితే, పడవ పై మట్టానికి లేస్తుంది. అంతసేపూ గోడనున్న స్తంభానికి తాడు మెలివేసి చేత్తో పట్టుకోవాలి, నీళ్ళు లేచే కొద్దీ లాగుతూ ఉండాలి. సుభద్రకి కుడి భుజం నొప్పి, లాగలేదు. శ్రావ్య పదిహేనేళ్ళ పిల్ల, దాన్ని తడి అంచు మీద నిలబెట్టడం తల్లికి ఇష్టం లేదు.

"అయితే నువ్వే నడుపు. నేను చెబుతుంటాలే," అని దశరథ్ తాడు పుచ్చుకుని ముందుకెళ్ళాడు.

ఆయన చెబుతూనే ఉన్నాడు గానీ, ఇంజను చప్పుడులో ఒక్క ముక్క వినబడితే ఒట్టు. అదీ మంచికే అయింది. పడవకి బ్రేకుండదు, ఆపాలంటే ఇంజను వెనక్కి తిప్పాలి. ముందుగానే ఆలోచించుకుని, నెమ్మదిగా, ఒక్కో పిసరు తిప్పుతూ పోవాలి. సుభద్ర స్వభావానికి అతికినట్టు సరిపోయిన బండి! రెల్లు దుబ్బుల పక్కనుంచి పడవ సాగుతుంటే, ఎండలో నీళ్ళు మిలమిల్లాడుతుంటే, ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. చిన్నగా పాటందుకుంది కూడా.

లాకు దగ్గరికొచ్చేసరికి పాత సుభద్ర బయటికొచ్చింది. ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు లోపలికెళ్ళాలి, అదీ అక్కడి పద్ధతి. పచ్చ దీపం వెలగగానే ఈవిడ చెయ్యి దానంతటదే లేచింది. వెనకనున్న ముసలి దంపతుల పడవని రమ్మంది. వాళ్ళ వెనక తెడ్లు వేసుకొస్తున్న కుర్రాళ్ళని రమ్మంది. వాళ్ళ వెనక కుక్కపిల్లతో ఉన్నావిడని పాపం అని రమ్మంది. గది నిండిపోయింది, ఎర్ర దీపం వెలిగింది, మొహం మీదే తలుపు మూసుకుంది.

"మమా, వారుమ్?" అంది శ్రావ్య, ఎందుకమ్మా ఇలా చేశావన్నట్టు తల పట్టుకుని.

"పోనీలే, మనకేం తొందర?" అన్నాడు దశరథ్.

నిజమే, తొందరేం లేదు. ఒడ్డున పడవ కట్టేసి పులిహోర తిన్నారు. గోంగూర పచ్చడి నంజుకున్నారు. కడుపు చల్లగా ఉంది, గాలి హాయిగా ఉంది. సుభద్రకి మాత్రం ముద్ద దిగలేదు. పరీక్ష పెద్దమనిషి మాట నీళ్ళలోంచి వినబడుతున్నట్టే ఉంది. పడవలో కూడా ఇంతేనా నా బతుకు, ఇంక మంగళవారం దాకా ఎందుకు, రాత్రికి రాసేస్తాను అనుకుంది.

తర్వాతి విడతలో ఆ లాకు దాటారు గానీ, మర్నాటి పొద్దుకి పడవ అప్పగించాల్సిన రేవు చేరాలంటే, ఆ సాయంత్రం ఇంకో లాకు దాటాలి. వెళ్ళేసరికి వీళ్ళదే మొదటి పడవ. గట్టు మీద ఎవరో "ఇవాళ్టికి ఇదే ఆఖరి విడత" అన్నారు. వెనక నుంచి ఎత్తైన తెల్ల పడవ ఒకటొచ్చి, కాస్త పక్కగా ఆగింది. టోపీ పెట్టుకున్న పెద్దాయన నడుపుతున్నాడు.

పచ్చ దీపం వెలిగింది.

సుభద్ర కుడిచెయ్యి చక్రం వదిలి లేచింది. ఈసారి ఆ లేవడం ఆవిడ కళ్ళారా చూసింది. తెల్ల పడవ ఇంజను గుర్రుమంది, ముక్కు ముందుకు కదిలింది.

"పోనియ్ సుభద్రా! పెద్ద పడవ, మనకెందుకూ!" ముందు నుంచి దశరథ్ అరిచాడు. ఏ మాటా వినబడనిది, ఇదొక్కటీ వినబడింది.

"మమా! వియర్ జింట్ ద్రాన్!" శ్రావ్య గొంతు చించుకుంది. మన వంతే అమ్మా, మనదే!

సుభద్రకి కోపమొచ్చింది, అరికాలి నుంచి నెత్తి దాకా. టోపీ ఆయన మీద కాదు. ఆయన్ని పిలిచింది తనే కదా! రొట్టెల దుకాణంలోనూ, బట్టల గదిలోనూ, మీటింగులోనూ ఎవరూ తనని తోసుకుపోలేదు. ప్రతివాళ్ళనీ ఈ చెయ్యే పిలిచింది. ఛీ, పాడు చెయ్యి!

లేచిన చేతిని అలాగే తన గుండెల మీద ఆనించి, "నేను" అన్నట్టు రెండుసార్లు తట్టుకుంది. తల అడ్డంగా ఊపింది. చక్రం పట్టుకుని ఇంజను పెంచింది.

"సుభద్రా, పోనియ్..."

"పోనియ్యనండీ!"

తెల్ల పడవ ఆగి, వెనక్కి జరిగింది. సుభద్ర తలుపుల మధ్య నుంచి నెమ్మదిగా లోపలికి పోనిచ్చింది. పడవ గోడకి మెత్తగా ఒకసారి ఆని నిలబడింది. ఆ వెనకే తెల్ల పడవా వచ్చి చేరింది. రెండింటికీ కావలసినంత చోటుంది.

"చెయ్యెత్తారు కదా, రమ్మంటున్నారేమో అనుకున్నాను," అన్నాడు టోపీ ఆయన నవ్వుతూ. "మీరే ముందు. సరిగ్గానే చేశారు."

తలుపులు మూసుకున్నాయి. నీళ్ళు నిండడం మొదలైంది. ఇంజను ఆపేసరికి, ఎవరి మాట వాళ్ళకి వినబడేంత నిశ్శబ్దమైంది. సుభద్ర మొహం వెలిగిపోతోంది.

"ఏవండీ, మంగళవారం నాకు డ్రైవింగ్ టెస్టుంది," అంది.

దశరథ్ తాడు పట్టుకునే వెనక్కి తిరిగాడు. "మళ్ళీనా? నాకు చెప్పలేదే!"

"చెబితే పోనీలే అంటారని."

ఆయన చేతిలో తాడు వదులైంది, పడవ ముక్కు పక్కకి తిరగసాగింది.

"తాడు లాగండి!" అంది సుభద్ర. "ఇంకా లాగండి!"

ఆయన రెండు చేతులా లాగాడు. పడవ నిలబడింది. నీళ్ళతో పాటు ఇద్దరూ పైకి లేస్తున్నారు. తాడు వదలకుండానే ఆయన వెనక్కి తిరిగాడు.

"నేను ఉద్యోగాల ఇంటర్వ్యూలకి వెళ్ళిన ప్రతిసారీ నువ్వు ఎదురొచ్చేదానివి. ఈసారి నేనొస్తాను. శకునం బాగుండొద్దూ?"

సుభద్ర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుని, చక్రం మీద రెండు చేతులూ గట్టిగా వేసింది.

"ఎదురొస్తే రండి," అంది. "దారి మాత్రం ఇవ్వను."