దిగే చోటు: నాన్న

పిల్లలు ఏం అడిగినా బాబూరావు గారు జవాబు చెప్పరు. టికెట్టు చింపి చేతిలో పెడతారు. దివిసీమలో సండే స్కూలు నడిపేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఒక్క జవాబు కూడా చెప్పకుండా పద్దెనిమిదేళ్ళు నడిపిన మనిషి ఆయనొక్కరే. దీని మీద, ఆ పిల్లల్లో ఒకరి నాన్న సత్తిబాబుకి ఎంత కడుపుమంటగా ఉండేదో తెలియాలంటే ముందు ఆ టికెట్టు గురించి చెప్పాలి.

బాబూరావు గారు ఆర్టీసీలో ముప్పై రెండేళ్ళు కండక్టరు. అవనిగడ్డ నుంచి బందరుకీ, గుడివాడకీ ఎన్ని వేలసార్లు వెళ్ళొచ్చారో ఆ రోడ్డు మీది గోతులకే తెలియాలి. రిటైరైన మొదటి ఆదివారమే నాగాయలంక రోడ్డులోని తమ చిన్న చర్చిలో పిల్లల తరగతి ఒప్పుకున్నారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఉద్యోగం భాష వదల్లేదు. ప్రార్థన మొదలవ్వాలంటే "రైట్ రైట్". వెనక బెంచీలో గోల లేస్తే "హోల్డాన్". గుమ్మంలో గుంపు కడితే "లోపలికి జరగాలి, లోపల బోలెడు ఖాళీ ఉంది!" పెద్దల ఆరాధనలో కూడా ఓసారి అలవాటు కొద్దీ ఆ మాట అనేశారు. పాస్టరు గారు ప్రసంగం ఆపి, "మన బాబూరావు గారు పరలోకం గురించి అంటున్నారు" అని సర్ది చెప్పాల్సి వచ్చింది.

ఇక టికెట్టు. అరచేతిలో ఇమిడే పుస్తకం, ప్రెస్సులో ప్రత్యేకంగా అచ్చు వేయించినది. పైన "ఎక్కిన చోటు: సండే స్కూలు". కింద "దిగే చోటు: నాన్న". మధ్యలో ఖాళీ. పిల్లలు అడిగిన ప్రశ్నని ఆ ఖాళీలో గుండ్రటి అక్షరాలతో రాసి, సర్రున చింపి ఇచ్చేవారు.

"తాతయ్యా, యోనా మూడు రోజులు చేప కడుపులో ఉన్నాడు కదా, మరి అన్నం ఎవరు పెట్టారు?"

"భలే అడిగావు! ఇదిగో టికెట్టు. మీ నాన్న దగ్గర దిగు."

"మీరు చెప్పరా?"

"నేను కండక్టర్ని. ఎక్కించడమే నా పని."

నాన్న లేని పిల్లలు ఇద్దరుంటే, వాళ్ళ టికెట్లలో మాత్రం దిగే చోటు కొట్టేసి "మావయ్య" అని రాసేవారు. సత్తిబాబు భార్య సుహాసిని ఒకసారి అడిగింది.

"అన్నీ నాన్నలకేనా? మేమేం పాపం చేశామండీ?"

"అమ్మలకి పాసుంది తల్లీ. మిమ్మల్ని అడగడానికి పిల్లలకి టికెట్టెందుకు?" అన్నారాయన.

ఇంతటితో ఆగితే బాగానే ఉండేది. కానీ మంగళవారం సాయంత్రం చెకింగ్ ఉండేది. పాత మోపెడ్ మీద, జేబులో టికెట్లకి చిల్లు పెట్టే పాత పంచ్ వేసుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. తండ్రి అంతకుముందే చెప్పి ఉండకపోతే, తన జవాబు ఆయన ఎదురుగా పిల్లకి చెప్పాలి. అది బాగుందో లేదో ఆయన తేల్చరు. పిల్లని అడుగుతారు. "ఏమ్మా, దిగావా?" పిల్ల తలూపితే టక్కున చిల్లు. తలూపకపోతే టికెట్టు వచ్చే మంగళవారానికి.

మోపెడ్ చప్పుడు వినగానే మగాళ్ళు మాయమయ్యేవారు. టైలరు ఆదినారాయణ కొలతలు తీసుకుంటూ కస్టమర్ మెడలో టేపు వదిలేసి దొడ్డిదారిన పరిగెత్తాడు. సముద్రం మీద తుఫానుకి కూడా జడవని భూషణం, ఒడ్డున ఆరేసిన వల కింద దూరాడు. బాబూరావు గారు తాపీగా పక్కనున్న పడవ అంచు మీద కూర్చుని, "భూషణం, కాళ్ళు బయటికొచ్చాయి. ఫుట్‌బోర్డు మీద ప్రయాణం ప్రమాదకరం, లోపలికి జరుగు" అన్నారు.

సత్తిబాబు తెలివైనవాడు. నాలుగెకరాల రొయ్యల చెరువు కౌలుకి చేస్తూ, రోజంతా ఫోన్లోనే బతికేవాడు. అతని తొమ్మిదేళ్ళ కూతురు కెజియా టికెట్టు తెచ్చినప్పుడల్లా ఫోన్లో వెతికి చదివేసేవాడు. "నోవహు ఓడలోకి చెదపురుగులు కూడా ఎక్కాయా?" అన్న టికెట్టుకి ఎవరో పంపిన పొడుగాటి మెసేజీ చూపించి, చేతికే ఫోనిచ్చి, "చదువుకో తల్లీ" అన్నాడు. మంగళవారం ఆ పిల్ల బాబూరావు గారి ముందు గడగడా చదివింది. చివరిలో "దీనిని వెంటనే పదిమందికి పంపండి, సాయంత్రంలోగా శుభవార్త వింటారు" అన్నది కూడా భక్తిగా చదివింది.

"ఏమ్మా, దిగావా?"

"లేదు తాతయ్యా. ఇది నాన్న కాదు, ఫోను."

చిల్లు పడలేదు. అలా చిల్లు పడని టికెట్లు సత్తిబాబు ఇంట్లో ఫ్రిజ్ తలుపు నిండా అంటుకుని ఉండేవి. చల్లటి నీళ్ళ సీసా తీసుకుందామన్నా మొహానికి ప్రశ్నే తగిలేది.

అయితే రెండు టికెట్లకి మాత్రం చిల్లు పడింది. అది సత్తిబాబు ఎవరికీ చెప్పని రహస్యం. దానికి కారణం బాబూరావు గారి గుడివాడ బావగారు.

ఈ బావగారిని ఊళ్ళో ఎవరూ చూడలేదు. కానీ ప్రతి సోమవారం పొద్దున ఏడింటికి పున్నమ్మ టీ బంకు దగ్గర బెంచీ మీద కూర్చుని, బాబూరావు గారు ఆయనతో ఫోన్లో అరిచేవారు. మామూలుగా మాట్లాడటం కాదు, కదిలిపోతున్న బస్సుని ఆపినట్టు అరవడం.

"హలో! హలో బావా! ఏంటీ? యోనాకి అన్నం ఎవరు పెట్టారంటావా? అంత భయంలో ఆకలేస్తుందటయ్యా! మన పిల్లలు ఆటలో పడితే అన్నం మర్చిపోరూ? ఆయన ప్రార్థనలో పడి మర్చిపోయాడు! హా! అదీ సంగతి! ఉంటా!"

"ఆ గుడివాడాయనకి చెవుడేమోనండీ" అనేది పున్నమ్మ, గ్లాసులు కడుగుతూ. "ఇంత గట్టిగా అరిస్తే ఫోను లేకుండానే వినపడుద్ది గదా."

టీ తాగుతున్న మగాళ్ళు విసుక్కునేవారు. అయినా సోమవారం ఏడింటికి ఒక్కరూ ఆ బంకు తప్పేవారు కాదు. ఒకరోజు కెజియా టికెట్టులోని ప్రశ్నే బావగారికీ వచ్చింది. విన్న జవాబు సత్తిబాబు సాయంత్రం తన మాటల్లో, చెరువూ రొయ్యలూ కలిపి చెప్పాడు. "నాన్నా, నీకు భలే తెలుసే!" అంది కెజియా. ఆ మాటకి అతను రెండు రోజులు నేల మీద నడవలేదు. మరోసారీ అలాగే కలిసొచ్చింది. ఇది దేవుడి నడిపింపని నమ్మాడు గానీ, పోటీ పెరుగుతుందని ఎవరికీ చెప్పలేదు.

తర్వాత పంట సీజను వచ్చింది. సత్తిబాబు సోమవారాలు చెరువు గట్టు మీదే తెల్లవారాయి. ఫ్రిజ్ మళ్ళీ నిండింది. ఒక ఆదివారం తరగతిలో బాబూరావు గారు పుస్తకం తీస్తుంటే కెజియా ఆయన చెయ్యి పట్టుకుంది. సత్తిబాబు అప్పుడే పిల్లని తీసుకెళ్దామని గుమ్మంలోకి వచ్చాడు.

"మా నాన్నకి టికెట్టు వద్దు తాతయ్యా. ఆయనకి పనుంటుంది. నేను ఫోన్లో చూసుకుంటాలే."

పిల్ల కోపంగా అనలేదు. తండ్రి మీద జాలిగా అంది. సత్తిబాబుకి చెంప మీద కొట్టినట్టయింది. ఇక ఈ పిల్ల తననేమీ అడగదని అతనికి అక్కడే అర్థమైంది. తప్పు తనదని ఒప్పుకోవడం కష్టం గనక, దగ్గర్లో ఉన్న బాబూరావు గారి మీద వేశాడు. ఆ మధ్యాహ్నమే ఒక అర్జీ రాశాడు. "మన సండే స్కూలుకు జవాబులు తెలిసిన టీచరు కావలెను." ఏడుగురు నాన్నలు సంతోషంగా సంతకాలు పెట్టారు. వచ్చే ఆదివారం సంఘం కూటంలో సత్తిబాబు చదవాలని తీర్మానం.

ఇంటికొచ్చేసరికి ఫ్రిజ్ మీద కొత్త టికెట్టుంది.

"వద్దన్నావుగా?" అన్నాడు సత్తిబాబు, మొహం పక్కకి తిప్పుకుని.

"నువ్వెళ్ళిపోయాక, ఇదొక్కటే ఫోన్లో దొరకదన్నారు తాతయ్య. అందుకే తెచ్చా" అంది కెజియా.

మధ్యలో ఖాళీలో ఇలా ఉంది: "నాన్నా, ప్రార్థనలో కళ్ళు మూసుకుని నువ్వేం అనుకుంటావు?"

సత్తిబాబు నిజంగానే ఫోన్లో వెతికాడు. దొరకలేదు. సోమవారం పొద్దున్నే చెరువు పని వదిలి, ఆరున్నరకే టీ బంకు దగ్గర కూర్చున్నాడు. ఆదినారాయణ, భూషణం అప్పటికే అక్కడున్నారు. ఏడింటికి బాబూరావు గారు వచ్చారు. కూర్చున్నారు. ఫోను చెవికి పెట్టారు. సత్తిబాబు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"హలో! హలో బావా! ఏంటీ? కళ్ళు మూసుకుంటే ఏం అనుకుంటారంటావా? అది నన్నడిగితే ఎలాగయ్యా! అది ఆ తండ్రికే తెలియాలి! గొప్పగా ఏమీ చెప్పక్కర్లేదు బావా, ఉన్నది చెప్తే చాలు! ఏమీ అనుకోను, నిద్రొస్తుంది అని చెప్పినా సరే, నేను చిల్లు కొట్..."

అప్పుడు ఆయన చెవి దగ్గరే ఫోను మోగింది.

గట్టిగా మోగింది. బాబూరావు గారు ఉలిక్కిపడి ఫోనుని చేతుల్లో ఎగరేసి పట్టుకున్నారు. స్పీకరెలా ఆన్ అయిందో గానీ, ఆయన భార్య వెంకాయమ్మ గారి గొంతు బంకంతా వినపడింది.

"ఏవండీ, కళ్ళజోడు ఇంట్లోనే మర్చిపోయారు. దారిలో ఎవర్నన్నా గుద్దారా?"

పున్నమ్మ పడీ పడీ నవ్వింది. "అయ్య బాబోయ్! ఇన్నేళ్ళూ ఎవరితో అరుస్తున్నారండీ?" బాబూరావు గారు గబగబా మోపెడ్ స్టార్ట్ చేసి వెళ్ళిపోయారు.

పున్నమ్మ తప్ప ఇంకెవరూ నవ్వలేదు. ఆదినారాయణ తన గ్లాసులోకి చూసుకుంటున్నాడు. భూషణం కూడా అంతే. సత్తిబాబు వాళ్ళిద్దర్నీ చూశాడు.

"మీక్కూడానా?" అన్నాడు మెల్లగా.

"నాకు చదువు రాదు గదా సత్తిబాబూ" అన్నాడు భూషణం. "మా పిల్ల ముందు ఇన్నాళ్ళు ఆ గుడివాడ బావగారి దయ వల్లే తలెత్తుకు తిరిగా."

"నాకు దేవుడే వినిపిస్తున్నాడనుకున్నా" అన్నాడు ఆదినారాయణ.

పద్దెనిమిదేళ్ళ జవాబులు ఆయనకి తెలుసు. అన్నీ తెలుసు. ప్రతి సోమవారం తానొక పిచ్చివాడిలా కనిపిస్తూ, ఏ నాన్నకీ చిన్నతనం కలగకుండా జవాబు చేరవేశారు. సత్తిబాబు జేబులో ఏడు సంతకాల అర్జీ ఉంది. ఆ క్షణంలో అది అతనికి చాలా బరువనిపించింది.

ఆ సాయంత్రం అతను కెజియాని చెరువు గట్టు మీదికి తీసుకెళ్ళాడు. నీళ్ళలో రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు గిర్రున తిరుగుతున్నాయి.

"ఉన్నది చెప్పనా? కళ్ళు మూసుకోగానే నాకు ఈ ఏరియేటర్లే కనపడతాయమ్మా. తిరుగుతున్నాయా, కరెంటు పోయిందా, రొయ్యలు పైకి తేలాయా అని. అంతలో పాస్టరు గారు ఆమెన్ అంటారు."

తిడుతుందేమో అనుకున్నాడు. పిల్ల కిసుక్కున నవ్వింది. "నాక్కూడా అంతే నాన్నా! నాకు బిర్యానీ కనపడుద్ది."

"మరేం చేద్దాం?"

కెజియా తిరుగుతున్న ఏరియేటర్ల వంక చూసింది. "ఎలాగూ అవే కనపడుతున్నాయి కదా, వాటి గురించే దేవుడికి చెప్పేద్దాం." తండ్రీకూతుళ్ళు గట్టు మీద నిలబడి ఏరియేటర్ల గురించి ప్రార్థన చేశారు. తర్వాత బిర్యానీ గురించి కూడా. సత్తిబాబు జీవితంలో మనసు ఎటూ పోని ప్రార్థన అదే మొదటిది. అతని కళ్ళు చెమర్చాయి, పైకి మాత్రం దోమ పడిందన్నాడు.

మంగళవారం చెకింగ్‌కి బాబూరావు గారు తల వంచుకునే వచ్చారు. "ఏమ్మా, దిగావా?" అని అడిగారు.

"దిగా తాతయ్యా!"

టక్కున చిల్లు పడింది. పిల్ల లోపలికి పరిగెత్తాక సత్తిబాబు అడిగాడు.

"ఇదంతా మీరే పిల్లలకి చెప్పేయొచ్చు గదా బాబాయ్ గారూ. మాకీ పరుగులెందుకు, మీకా అరుపులెందుకు?"

"మా వాడు చిన్నప్పుడు నేను మొదటి బస్సెక్కితే ఆఖరి బస్సు దిగేవాణ్ణయ్యా. వాడి ప్రశ్నలన్నిటికీ ఎవరెవరో జవాబు చెప్పారు. మంచివాళ్ళు, బాగానే చెప్పారు. నా సీటొకటి ఖాళీగా ఉండిపోయింది." ఆయన పంచ్ తుడిచి జేబులో వేసుకున్నారు. "ఇంకొకళ్ళ సీట్లో నేను కూర్చోనయ్యా. కావాలంటే రిజర్వు చేసి పెడతా."

ఆదివారం కూటంలో పాస్టరు గారు, "సత్తిబాబూ, ఏదో అర్జీ ఉందన్నావు?" అన్నారు. సత్తిబాబు లేచి కాగితం తీశాడు. ఏడుగురు నాన్నలూ నేల చూపులు చూస్తున్నారు.

"ఉందండీ. టికెట్ల పుస్తకాలు అయిపోవచ్చాయట. కొత్తవి అచ్చు వేయించాలని మా ఏడుగురి మనవి" అన్నాడు, కాగితానికి ఖాళీగా ఉన్న వెనక వైపు చూసి చదువుతూ.

మర్నాడు సోమవారం. ఏడయింది. బాబూరావు గారు బంకు దగ్గర బుద్ధిగా, నిశ్శబ్దంగా టీ తాగుతున్నారు. ఫోను జేబులోనే ఉంది. గుట్టు బయటపడ్డాక ఇంకెవరికి చేస్తారు? ఎదురు బెంచీలో భూషణం గోళ్ళు కొరుక్కుంటున్నాడు. అతని పిల్ల ఈసారి తెచ్చిన టికెట్టు, ఒడిసెల రాయి దెబ్బకి కూలిన ఆ బైబిలు వీరుడు గొల్యాతు వాళ్ళమ్మ ఏడ్చిందా అని.

అంతలో బాబూరావు గారి జేబులో ఫోను మోగింది. తీసి, కళ్ళజోడు సర్దుకుని, అనుమానంగా చెవికి పెట్టుకున్నారు.

బంకు వెనక నుంచి, నాలుగు గజాల దూరంలో, ఊరంతా వినపడేలా సత్తిబాబు గొంతు లేచింది. "హలో! బావగారూ! గుడివాడ నుంచి మాట్లాడుతున్నానండీ! పోయిన వారం మధ్యలో లైను కట్టయింది! ఇంతకీ గొల్యాతు వాళ్ళమ్మ సంగతేంటండీ?"

బాబూరావు గారు ఒక్క క్షణం ఫోను వంక చూశారు. తర్వాత బెంచీ మీద సర్దుకు కూర్చుని, గొంతు సవరించుకుని అరిచారు.

"రైట్ రైట్! చెప్తా విను బావా!"