తలుపేసుకొని కడిగిన పాపానికి

మొదటిసారి నాకు ఊపిరి అందనిది ఒక ఆదివారం పొద్దున. పెరట్లో లెట్రిన్ తలుపు లోపలినుంచి గడియపెట్టుకొని కడుగుతున్నాను. ఉన్నట్టుండి కళ్ళు భగ్గుమన్నాయి. గొంతులో కారప్పొడి కొట్టినట్టయింది. ఎట్లాగో గడియ తీసి బయటకొచ్చి, నూలు ఆరేసిన దండెం కింద కూలబడ్డాను.

"ఏమైందే?" అంది మా అత్తమ్మ.

"ఏం లేదత్తమ్మా, పైత్యం చేసినట్టుంది" అన్నాను.

ఆ పైత్యం నన్ను ఏడాదికి పైగా దవాఖానల చుట్టూ తిప్పింది. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. జబ్బుకు సిగ్గెందుకు అంటారేమో. జబ్బుకు కాదు, అది వచ్చిన చోటుకు.

మాది గద్వాలలో మగ్గం ఇల్లు. చీర నడిమి అంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. మా ఆయన మగ్గంలో కూర్చుంటే అంచు పోగులు అందించడానికి పక్కన నేనుండాలి. ఎనభైల చివర్లో పెరట్లో కొత్తగా లెట్రిన్ కట్టించాం. అంతకుముందు మా గల్లీలో పాయఖానాలు ఎత్తిపోయడానికి ఒకామె వచ్చేది. మేం దూరంగా నిలబడి నీళ్ళు పోసేవాళ్ళం. ఆమె మొహం ఎట్లా ఉంటుందో అడిగితే నేను చెప్పలేను, అంత గొప్పగా చూశాం. కొత్తది వచ్చాక ఆమె రావడం ఆగిపోయింది. మరి కడిగేదెవరు? ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎవరిదీ కాని పని కోడలిది.

చేశాను. కాని దొంగలా చేశాను. పక్కింటివాళ్ళు చూస్తే ఏమంటారోనని, అందరూ లేచేలోపల, తలుపేసుకొని.

ఇక దేనితో కడగాలి? నాకు తెలిసిన తెలుపు నూలు తెలుపే. రంగు వేసే ముందు నూలును బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో నానబెడతాం. తర్వాత పలచటి ఆసిడ్ నీళ్ళలో ముంచి తీస్తాం. ముందు పౌడర్, వెనక ఆసిడ్. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నేర్చుకున్న వరస అది. అయితే నూలు పని ఆరుబయట, పెద్ద తొట్టిలో, మధ్యమధ్య బాగా జాడించి చేసేది. నేనేం చేశానంటే, అదే వరసను నాలుగు గోడల మధ్య పెట్టాను. పౌడర్ చల్లి, జాడించకుండా దాని మీదే చిక్కటి ఆసిడ్ పోసేదాన్ని. బుస్సున పొంగేది. పింగాణీ తళతళలాడేది. ఘాటు ఎంతుంటే శుభ్రం అంత అని నా తెలివి.

ఆదివారం కడిగితే వారం మధ్య దాకా దగ్గు. తగ్గింది కదా అనుకునేలోపల మళ్ళీ ఆదివారం. మగ్గం పక్కన కూర్చుంటే దగ్గుకు చేతిలో పోగు జారిపోయేది. మా ఆయన విసుక్కునేవాడు కాదు. చెయ్యి ఆపి, నా దగ్గు అయిపోయేదాకా చూస్తూ కూర్చునేవాడు. తిట్టినా బాగుండేదనిపించేది.

ఊళ్ళో డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. కిటికీ వెలుతురుకు పట్టి చూసి, "కొంచెం ప్యాచ్ లాగా ఉందమ్మా" అన్నాడు. స్ప్యూటమ్ టెస్ట్, అంటే కఫం పరీక్ష, నెగటివ్ వచ్చింది. "నెగటివ్ వచ్చినంత మాత్రాన టీబీ కాదనలేం. ఇంట్లో చిన్నపిల్ల ఉంది, రిస్క్ ఎందుకు? కోర్సు మొదలుపెడదాం" అన్నాడు. ఆయన్ను నేనేమీ అనను. ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు. "నేత పని సార్" అన్నాను. అక్కడితో ఆగాను.

టీబీ అన్న మాట మాకంటే ముందే మా గల్లీకి చేరింది. నా గ్లాసు, కంచం వేరయ్యాయి. మా ఆడబిడ్డ వనపర్తి నుంచి దిగింది. మా పాప సువర్ణకు అప్పటికి ఐదేళ్ళు.

"కోపం చేసుకోకు. పొల్లకు అంటుకుంటే ఎట్ల? నీకు జర తగ్గినంక నేనే తోల్కొస్త" అంది.

ఆమె చెప్పింది న్యాయమే. అందుకే ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు. బస్సు కిటికీలోంచి సువర్ణ చెయ్యి చాపింది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకొని వెనక్కి జరిగాను.

మాత్రలు మొదలయ్యాయి. మూత్రం ఎర్రగా వస్తే, రంగుల ఇంటిదాన్ని కదా, ముందు నా చేతులే చూసుకున్నాను. డాక్టరు నవ్వి, "మందు రంగేనమ్మా, భయపడకు" అన్నాడు. కడుపులో తిప్పేది, అన్నం సయించేది కాదు. మాత్రలు మింగుతూనే ఉన్నాను, ఆదివారాలు కడుగుతూనే ఉన్నాను. దగ్గు తగ్గలేదు.

చూడలేక మా అమ్మ వచ్చి నన్ను పుట్టింటికి, రాజోలికి తీసుకుపోయింది. అక్కడ నెల తిరిగేలోపల దగ్గు మాయం! తుంగభద్ర గాలి అంది అమ్మ, మాత్రలు పని చేశాయి అన్నాడు మా ఆయన. నేను మాత్రం ఏమీ అనుకోలేదు, పిల్ల గురించి తప్ప. వనపర్తికి కబురు పోయింది, పాపను తీసుకురమ్మని.

నేను గద్వాలకు తిరిగొచ్చిన మర్నాడే సువర్ణ రావాలి. పిల్ల వస్తుంటే ఇల్లు అద్దంలా ఉండాలనిపించింది. నేను లేనన్నాళ్ళూ లెట్రిన్ గార పట్టిపోయి ఉంది. ఆ పొద్దున్నే తలుపేసుకొని, ఎప్పుడూ పోసేదానికి రెండింతలు పోశాను.

తర్వాతిది నాకు తునకలు తునకలుగా గుర్తు. గడియ చేతికి అందలేదు. మా ఆయన తలుపు బద్దలుకొట్టాడు. నేను దొడ్డికి పోయి పడ్డాననుకున్నారంతా. అత్తమ్మ మాత్రం బకెట్ పక్కన ఉన్న సీసా తీసి గోడ వెనక పెట్టింది. నేను చూశాను. నేను చూసినట్టు ఆమె కూడా చూసింది. అంతలో వాకిట్లో, మొదటి బస్సుకే దిగిన ఆడబిడ్డ గొంతు వినిపించింది. నేను ఎగశ్వాసతో కొట్టుకుంటుంటే ఆమె గడప దాటకుండానే పాపను ఎత్తుకొని మళ్ళీ బస్టాండు దారి పట్టింది.

నన్ను కర్నూలుకు తీసుకుపోయారు. ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. నాలుగు మాటలు మాట్లాడగలిగాక ఛాతీ డాక్టరు నా మంచం పక్కన నిలబడ్డాడు.

"పుట్టింట్లో బాగున్నావు. ఇంటికి రాగానే ఇట్లా అయింది. అక్కడ చెయ్యకుండా ఇక్కడ చేసే పనేంటమ్మా?"

మా పుట్టింట్లో లెట్రిన్ లేదు, పొలాల్లోకే పోతాం. జవాబు నా నాలుక చివరే ఉంది. మంచానికి అటు మా ఆయన, పక్క మంచాలకు చుట్టాలు, నర్సులు. తల దించుకొని "నేత పనే సార్" అన్నాను.

"పుట్టింట్లో మగ్గం లేదా?"

"ఉంది సార్."

"మరి?"

అప్పుడు మూల కూర్చున్న మా అత్తమ్మ లేచింది.

"నేను చెప్త సార్. మా కోడలు పాయఖాన కడుగుతది. పౌడర్ ఏస్తది, మీదికెల్లి ఆసిడ్ పోస్తది. తలుపేస్కొని. నాకు ఎరికే. ఎరికుండి కూడ సప్పుడు జెయ్యలే. మాట ఎత్తితే నన్ను కడగమంటరేమో అని."

మా ఆయన తల వంచుకొని తన అరచేతులు చూసుకుంటున్నాడు. పాయఖానా తనంతట తానే కడుక్కుంటుందని అనుకున్నాడు కాబోలు.

డాక్టరు కోప్పడలేదు. "ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుందమ్మా. తలుపేసుకొని ప్రతి వారం దాన్నే పీల్చావు. ఇది కెమికల్ బ్రాంకైటిస్, ఆ గ్యాస్‌కు ఊపిరి గొట్టాలు వాచాయి" అన్నాడు. ఎక్స్‌రే, స్ప్యూటమ్ మళ్ళీ చేయించి, టీబీ మాత్రలు ఆపించాడు. స్టెరాయిడ్ ఇచ్చి మెల్లగా తగ్గించాడు. ఇన్‌హేలర్ పీల్చడం నేర్పించాడు. మెట్లెక్కితే ఆయాసం చాలాకాలం పోలేదు. ఊదుబత్తి పొగకు కూడా దగ్గొచ్చేది.

ఇంటికొచ్చాక ఆసిడ్ సీసాను నూలు పని జరిగే చోటికే పంపించాం. దాని జాగా అదే. పట్టుకు మేం సబ్బు కూడా తగలనివ్వం, కుంకుడు రసంలోనే ఉతుకుతాం. దారం మీద చూపిన దయ నా ఊపిరి మీద చూపలేదు చూడండి! ఇప్పుడు లెట్రిన్‌కు కూడా కుంకుడు రసమే, కొంచెం చాకలి సోడా, వేడినీళ్ళు, గట్టి బ్రష్షు. గార పడితే వేరే రోజు చింతపండు పిప్పి పట్టించి ఉంచుతాను. తళతళలాడదు, కాస్త పచ్చగా ఉంటుంది. ఉండనీ.

కడిగేటప్పుడు తలుపు మూసుకోకుండా అత్తమ్మ గడపకు అడ్డంగా పీట వేసుకొని కుంకుడుకాయలు కొడుతూ కూర్చునేది. ఒకసారి పక్కింటామె గోడ మీదినుంచి తొంగిచూస్తే, "మా కోడలు పాయఖాన కడుగుతున్నది. నువ్వు సూడనీకె వచ్చినవా, సాయం జేయనీకె వచ్చినవా?" అంది. ఆమె మళ్ళీ తొంగిచూడలేదు. అత్తమ్మ పోయాక వారం విడిచి వారం ఆ పీట మీద నేను కూర్చుంటాను, లోపల మా ఆయన కడుగుతాడు.

సువర్ణ ఆ ఏడే ఇంటికొచ్చింది. ఇప్పుడు పెద్ద క్లాసులో ఉంది, మగ్గం దగ్గర నాకు చేతి సాయం చేస్తుంది. కాని నేను దగ్గితే ఇప్పటికీ తెలియకుండానే పక్కకు జరుగుతుంది. వెంటనే గుర్తొచ్చి, సిగ్గుపడి దగ్గరికొస్తుంది. సిగ్గుపడాల్సింది అది కాదు.

నేను చెప్పేది ఒక్కటే. ఏం పని చేస్తావని డాక్టరు అడిగితే అన్నీ చెప్పండి. ఇల్లు దేనితో కడుగుతారో, ఎట్లా కడుగుతారో అదీ చెప్పండి. నేను "నేత పని" అన్నదానికి ఇంకొక్క మాట కలిపి ఉంటే, నా బిడ్డ ఆ బస్సు ఎక్కేది కాదు.