ఏ పద్నాలుగు?

వైద్యుడి మాట సగమే అర్థమైతే మిగతా సగం అడిగి తెలుసుకునే ధైర్యం మీకుందా? నా చిన్నప్పుడు మా అవ్వకు లేకపోయింది. అందుకు నా ప్రాణమే పోయేది.

డెబ్బైల నాటి ఆళ్లగడ్డ. నాకు ఎనిమిదేళ్లు. బడి నుంచి వస్తుంటే ఒక కుక్క పిక్క పట్టుకుంది. సాయంత్రానికి అది నురగలు కక్కి చచ్చింది. పిచ్చికుక్క కరిచినవాళ్లు నీళ్లను చూసి వణుకుతారని, కుక్కలా అరిచి చస్తారని వీధంతా నా ముందే చెప్పుకున్నారు. గడియకోసారి చెంబులోకి తొంగిచూసుకునేదాన్ని. భయం వేసేది. అది జబ్బు తెచ్చిన భయమో, జబ్బు వచ్చిందేమోనన్న భయమో తెలిసేది కాదు.

మా ఊరి కాంపౌండరు పుండు కడిగి కట్టుకట్టాడు. "బేగా నంద్యాలకు పో అవ్వా. పద్నాలుగూ చేయించు. ఒక్కటి తప్పినా పిల్ల దక్కదు" అన్నాడు.

మా అవ్వ లోకంలో పద్నాలుగంటే సిలువమార్గమే. యేసు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ పద్నాలుగు చోట్ల మోకరించే ప్రార్థన అది. మరునాడే బస్సెక్కాం. నంద్యాల అంచున ఒక చర్చి, దాని ప్రహరీ పొడవునా పద్నాలుగు కొయ్య సిలువలు. నేల కాలిపోతోంది. ఒక్కో సిలువ దగ్గర మోకాళ్లూని, వేలు మడుస్తూ పోయాను. ఒక్కటి తప్పితే చస్తాను కదా! తొమ్మిదో, పదో, లెక్క తప్పింది. ఏడుస్తూ మళ్లీ మొదటికి పరిగెత్తాను.

అక్కడ ప్రార్థనలు చదివించే ఉపదేశి తాత నవ్వుతూ నన్ను పట్టి ఆపాడు. "ఏందమ్మీ, యాడికి ఉరుకుతాండావ్? దేవునికి లెక్కలు రావనుకుంటివా?"

అవ్వ కట్టు చూపి, కాంపౌండరు మాట చెప్పింది. తాత నవ్వు ఆగిపోయింది.

"ఆయప్ప చెప్పింది సూదులు, అవ్వా. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పొడుస్తారే, అవి."

అవ్వ నేలమీద కూలబడింది. "అయితే ఇంతసేపూ పిల్లను నేనే చంపుతాంటినా నాయనా?"

తాత ఆమెను తిట్టలేదు. "ప్రార్థన యాడికీ పోదు. ఆసుపత్రి మూస్తారు, లెయ్" అని నన్ను సైకిల్ ముందు కమ్మీ మీద, అవ్వను వెనక కూర్చోబెట్టుకుని తొక్కాడు. పద్నాలుగు రోజులూ మమ్మల్ని తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. మూడోనాడు నేను సూదికి దడిసి ఆసుపత్రి బల్ల కిందికి దూరితే, తానూ వంగి, "మూడో చోట యేసు కూడా పడినాడులే. కానీ లేసినాడు. రా బయటికి" అన్నాడు.

పెద్దయ్యాక నేను దేవుణ్ణి వదిలేశాను. వేదికలెక్కి మహిమల మీద పోట్లాడాను. నన్ను బతికించింది సూదిమందే, అందులో నాకు అనుమానం లేదు. కానీ మా అవ్వది మూఢభక్తి అని ఎవరైనా అంటే ఊరుకోను. ఆమె విన్నది విన్నట్టు చేసింది. తప్పు, మాట సగం చెప్పి వదిలేసినవాడిది. అడిగితే నవ్వుతారని ఆమెను జడిపించిన చదువుకున్నవాళ్లందరిదీ. ఆ జడుపు ఈనాటికీ ప్రతి ఆసుపత్రి వరండాలో ముసలివాళ్ల ముఖాల్లో కనిపిస్తుంది, నా కడుపులో మళ్లీ సూది దిగినట్టుంటుంది.

మీ ఇంటి పెద్దవాళ్లు ఈసారి ఆసుపత్రి నుంచి వస్తే చీటీ లాక్కుని చదవకండి. అక్కడ ఏం చెప్పారో వాళ్ల నోటితోనే చెప్పించండి. మాట తడబడిందా, ఆ పూటే వాళ్లను వెంటబెట్టుకుని వెనక్కి వెళ్లండి. అర్థమయ్యేదాకా అడగండి.