గడప దాటిన క్యాలిపర్

యానాం నుంచి బదిలీ మీద నేను పుదుచ్చేరిలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చేరింది జూన్ నెలలో, బడులు తెరిచే రోజుల్లో. హోదా ఆర్థోటిస్టు. బలహీనమైన కాళ్ళకు ఊతమిచ్చే పరికరాలు చేయించడం నా పని. వాటిలో ముఖ్యమైనది క్యాలిపర్. కాలికి అటూ ఇటూ ఉక్కు కడ్డీలు, తోలు పట్టీలు, అడుగున వాటికి బిగించిన తోలు బూటు ఉంటాయి. బూటు విప్పితే క్యాలిపర్ మొత్తం ఊడి వస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

ఒక కాలు బలహీనమైన ఏడేళ్ళ వనజకు నేను చేసిచ్చిన క్యాలిపర్ కొద్ది నెలలకే నా బల్ల మీదికి తిరిగొచ్చింది. కడ్డీల కీళ్ళు తుప్పుపట్టాయి, తోలు ఉబ్బిపోయింది. పిల్లతో పాటు వచ్చిన మనిషి సిస్టర్ అమల. పట్నంలో పేదపిల్లల బడి నడిపే సన్యాసిని. అరవై దాటిన మనిషి. నోరు తెరిస్తే సగం తమిళం, సగం పిల్లల దగ్గర నేర్చిన తెలుగు. తోలు తడపకూడదని రెండు భాషల్లోనూ చెప్పి పంపినవాణ్ణి, నాకు ఒళ్ళు మండింది. ఆమె సాకులేమీ చెప్పలేదు. కీళ్ళకు నూనె పెట్టి ఇవ్వమని, సాయంత్రం తనతో వనజ వాళ్ళుండే అరియాంకుప్పం రమ్మని అడిగింది.

బస్సులో విషయం చెప్పింది. వనజను పెంచేది నాయనమ్మ. తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం, ఆకుకూరలు అమ్ముకుని బతుకుతారు. దీపం పెట్టే ఇంట్లోకి తోలు బూటు రానివ్వనని ఆవిడ పట్టుబట్టింది. దాంతో పిల్ల బడిలో నడిచేది, ఇంట్లో పాకేది. ఇలాగే సాగితే కండరం బిగుసుకుపోతుందని, ఆపరేషన్ చేసినా నడుస్తుందన్న భరోసా లేదని డాక్టరు అప్పటికే హెచ్చరించారు.

ఇంటి ముందు సిస్టర్ చెప్పులు విడిచింది. వనజను అరుగు మీద కూర్చోబెట్టి, ముందు మంచి కాలు కడిగింది. తర్వాత బూటు మీద కూడా నీళ్ళు పోసి, అడుగు చేత్తో రుద్ది, తన చీర కొంగుతో తుడిచింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న నాయనమ్మ పక్కకు తప్పుకుంది. వనజ టకటకమని లోపలికి నడిచి వెళ్ళింది.

రోజూ ఇదే తంతా అని అడిగాను.

"అవ్వ మాటలో తప్పేముండాది సార్? చెప్పయితే బయట ఇడవాల. కాలయితే కడుక్కోని లోపలికి రావాల. ఇది బిడ్డ కాలు సార్" అంది సిస్టర్.

ఆమె ఆ అవ్వకు మతం మాట గానీ సైన్సు మాట గానీ ఏనాడూ చెప్పలేదట. మొదట్లో అవ్వ తలుపు దగ్గరికైనా రాలేదు. కొన్నాళ్ళకు నీళ్ళ చెంబు తనే తెచ్చి అరుగు మీద పెట్టడం మొదలుపెట్టింది. అది విన్నాక నా కోపం ఏమైందో నాకే తెలియదు. ఆ ముసలి సిస్టర్ మీద చెప్పలేనంత ఇష్టం కలిగింది.

తర్వాత వనజ కాలికి మళ్ళీ అచ్చు తీసి, దాని మీద వేడిచేసిన ప్లాస్టిక్ రేకు మలిచి, అడుగున రబ్బరు వేయించి కొత్త క్యాలిపర్ చేయించాను. తోలు లేదు, ఇనుము లేదు. ఇక కడగనక్కర్లేదని నేనే వెళ్ళి అవ్వకు చెప్పాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "తోలు లేకుంటే ఏంది? ఈదిలోంచి వచ్చిన కాలు కడగొద్దా?" అని చెంబు అందుకుని తనే కడిగింది. ఆ రోజు నుంచి సిస్టర్‌కు అరియాంకుప్పం బస్సెక్కే పని తప్పింది.

నేను రిటైరయ్యాక సిస్టర్ కన్నుమూసింది. అంత్యక్రియల రోజు ప్రార్థన మందిరం బయట అందరం చెప్పులు విడిచాం. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్న వనజ కొళాయి దగ్గర ఆగి, రెండు కాళ్ళూ, ఒకటి క్యాలిపర్‌తో సహా, కడుక్కుంది. నడిచి వెళ్ళి సిస్టర్ పక్కన నిలబడింది. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. బిడ్డ కాలు కొలిచే ముందు, ఆ ఇంట్లో చెప్పులు ఎక్కడ విడుస్తారో అడగండి.