రాసినోడు లేని ప్రోగ్రామ్

ఈ రోజు మా మిర్చి దుకాణంలో సేటుతో గొడవ పడబోయి ఆగిపోయాను. ఏన్కూరు వైపు నుంచి వచ్చే తేమ కాయ ఎండితే ఎంత తూగుతుందో చెప్పే ప్రోగ్రామ్ కావాలన్నాడు. నేను రాయలేదు, కంప్యూటర్‌నే రాసుకోమన్నాను. అది అడ్డదిడ్డంగా బోలెడు ప్రోగ్రాములు పుట్టిస్తుంది. పాత తూకాలతో సరిచూసి, దగ్గరగా చెప్పినవాటిని కలిపి పిల్లల్ని చేస్తుంది. తప్పినవి చచ్చిపోతాయి. వారమంతా ఫ్యాను కింద కూర్చుని, పేరు లేని ఆ తరాలు వచ్చి పోవడం కలలో లాగా చూశాను. ఈ రోజు లెక్క కుదిరింది.

సేటు కాగితం చూసి మొహం చిట్లించాడు.

“ఏందిరా ఇది? మూడుతోని గుణించి, మళ్ల మూడుతోనే భాగించింది. పిచ్చా దీనికి?”

“దాని తాతల కాడినుంచి వచ్చింది సేటూ. లాభం లేదు, నష్టం లేదు. అందుకే మిగిలింది. తీసేస్తా.”

ఆయన కాగితం పక్కన పెట్టేశాడు. ఇక దీన్ని వాడడు, వారం కష్టం బుగ్గయిందని నాకు ఒళ్లు మండింది. సేటు మాత్రం కాటా వైపు చూస్తున్నాడు. రోజూ పొద్దున ఖాళీ కాటాకు దండం పెట్టి, ఒక్క మిరపకాయ వేసి తీస్తాడాయన. ఎందుకంటే, వాళ్ల నాయిన చేసేవాడట.

“ఉండనియ్‌రా,” అన్నాడు మెల్లగా. “రేపటి సంది దీంతోనే చూద్దాం.”

నేను ఆ మూడు లెక్క తీయలేదు. నాలో ఏ తాత మిగిలాడో అని ఇప్పటిదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఈ కోపం ఆ తాతదే అయ్యుంటుంది. మీలో ఎవరు మిగిలారు?