పోచమ్మకు కండ్లయిన విమానం

ఢిల్లీల ఆఫీసు ట్రైనింగ్ అయిపోయి, కరీంనగర్ల మా ఇంట్లకు రాంగనే నా చూపు అద్దాల బీరువ దిక్కు పోయింది. వెండి విమానం లేదు. మా తాత వెండితీగె పనిల చెయ్యి తిరిగినోడు. పాతకాలం విమానాన్ని పేపర్ల చూసి, ఒకదాని మీద ఒకటి రెక్కలు పెట్టి, వెంట్రుకంత సన్నటి తీగెలతోని అల్లిండు. నేను పుట్టకముందు నుంచి అది మా ఇంట్లనే ఉన్నది.

"అవ్వా, విమానమేది?" అని మా అమ్మనడిగిన.

"కరగబెట్టిచ్చిన బిడ్డా. పోచమ్మకు వెండి కండ్లు చేపిచ్చి పెట్టిన. మొక్కుండె."

నాకు కోపమొచ్చింది.

"కండ్లు బజార్ల దొరకయా? తాత మళ్ల వచ్చి చేస్తడా? నీకు మతి ఉన్నదా?" అని గల్లీ అంత ఇనేటట్టు ఒర్లిన. తాత దగ్గర ఆ పనే నేర్చుకున్న బాపు తల వంచుకొని కూసున్నడు. కరగబెట్టింది ఆయన చేతులే అని అప్పుడు సమజైంది.

అవ్వ మెల్లగ అన్నది.

"దినాం తుడిచేదాన్ని, దాని రెక్కలెంత సన్నగుంటయో నాకు తెల్వదా? నువ్వు ఢిల్లీకి మొదటిసారి ఎక్కే విమానం గూడ గసొంటిదే అనుకున్న. నా బిడ్డను మంచిగ కిందికి దించితే, గిదే నీకిస్త తల్లీ అని మొక్కిన."