వెలగకూడని మూడు బల్బులు

మా ఫోర్‌మన్ కాక చనిపోయాడన్న కబురు నాకు బల్ల దగ్గరే అందింది. గోదావరిఖనిలో బొగ్గు గనుల కంపెనీ ట్రైనింగ్ సెంటర్. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు పదిహేను మంది చుట్టూ నిలబడి చూస్తున్నారు. బల్ల మీద బొమ్మ రైలుపట్టాలు, జానెడు పొడవున్న ఇంజన్లు రెండు. ఒకటి పక్క లైనులో ఆగి ఉంది, రెండోది బొగ్గు వ్యాగన్లు లాక్కొస్తోంది. సెల్ మోగింది. శ్రీరాంపూర్ నుంచి ఆయన కూతురు. "అక్కా, బాపు లేడే" అంది. రెండు ఇంజన్లనూ ఆపేశాను. బల్ల ఫ్యూజు ఊడదీసి కొంగున ముడేసుకున్నాను. నేను అనుకుని చేసింది కాదు, చేతులు చేసేశాయి.

ఆ అలవాటు ఆయనదే. ఏ మిషన్ మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు ఫ్యూజు తీసి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. "ఫ్యూజు నా జేబుల ఉన్నంతసేపు ఎవ్వడు కరెంటు ఇయ్యలేడు" అనేవాడు. ఇంట్లో బల్బు మార్చినా అంతే. ఒకసారి ఇంటి ఫ్యూజు జేబులో ఉన్న సంగతి మరిచి అంగడికి వెళ్ళిపోయాడట. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. ఆయన భార్యను మేం చిన్నమ్మ అనేవాళ్ళం. ఆమె విసనకర్ర పట్టుకుని తిట్టిన తిట్లు కాలనీలో మూడు వరసల ఇళ్ళకు వినపడ్డాయి.

నేను ఆయన దగ్గరికి చేరింది రాష్ట్రం రావడానికి మూడు నాలుగేళ్ళ ముందు. నా భర్త జబ్బు చేసి పోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. బొగ్గును మోసుకెళ్ళే బెల్టు కింద రాలినదాన్ని పారతో ఎత్తిపొయ్యడం నా పని. దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఇంటికి పోయి అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా దగ్గే. ట్రైనింగ్ సెంటర్‌లో ఊడ్చే మనిషి సెలవు పెడితే ఆ జాగాలో నన్ను కొన్నాళ్ళకని పంపారు. ఇనుప బీరువాలూ టేబుళ్ళూ తుడుచుకుంటూ, ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుండునని రోజూ అనుకునేదాన్ని.

అక్కడ కాక చూసుకునే బొమ్మ రైలు బల్ల మీద రెండు ఇంజన్లు ఉండేవి కానీ పాఠానికి పనికొచ్చేవి కావు. పట్టాలకు కరెంటిస్తే రెండూ కలిసి కదిలేవి, తీస్తే రెండూ కలిసి ఆగేవి. ఒక ఇంజన్ దారి ఇవ్వడం, రెండోది దాటడం చూపించాలంటే దేనికది మాట వినాలి. దానికే డీకోడర్. గోరంత సర్క్యూట్ ముక్క. ఇంజన్ లోపల పెడితే ఆ ఇంజన్‌కు ఒక నంబరు వస్తుంది, ఆ నంబరుకే కదులుతుంది. కొత్త ఇంజన్‌లో అది ముందే ఉంది. పాతదానికి మేమే పెట్టుకోవాలి. ఆఫీసరు హైదరాబాదు నుంచి రెండు తెప్పించి, మూడోది అడగొద్దన్నాడు.

మొదటిదాన్ని కాకే కాల్చాడు. గనిలో ఏ మోటారుకైనా బాడీని ఎర్త్ చెయ్యాల్సిందే. ఎర్త్ లేని మోటారును ఆయన ఒక్కనాడూ నడపనివ్వలేదు. ఆ అలవాటు కొద్దీ బొమ్మ ఇంజన్ మోటారు నుంచి కూడా బాడీకి ఒక వైరు కలిపాడు. ఈ ఇంజన్‌లో ఒక పట్టా కరెంటు బాడీ గుండానే వస్తుంది. మోటారు దానికి ఎక్కడా తగలకూడదు. స్విచ్ వెయ్యగానే సన్నటి పొగ, కాలిన వాసన. ఆఫీసరు వచ్చి నావైపు చూశాడు. చీపురు చేతిలో ఉన్న మనిషినే ఎవరైనా చూస్తారు గదా.

కాక ముందుకొచ్చాడు. "నేనే కాల్చిన సార్. గనిల చేసినట్టు ఎర్త్ ఇచ్చిన. తప్పు నాదే."

"ఇంకొక్కటే ఉంది. సోమవారం రెండు గంటలకు పెద్దసార్లు వస్తున్నారు. నడిస్తే ఈ బల్లకో మనిషిని ఇస్తా, ఈమెనే ఉంచుకోండి. నడవకపోతే బల్ల స్టోరుకు, ఈమె బెల్టు దగ్గరికి" అన్నాడు ఆఫీసరు.

మర్నాడు కాక గని టోపీలకు పెట్టే పాత క్యాప్‌ల్యాంపుల నుంచి మూడు బల్బులు తీసి, ఒకదాని వెంట ఒకటి కలిపి, మూరెడు పట్టా ముక్కకు కరెంటు వాటి గుండా వచ్చేలా బిగించాడు. "లోపల ఏడన్న తగిలిందనుకో, కరెంటు జోరు ఈ బల్బులు తీసుకుంటయ్. వెలిగితే చెయ్యి తియ్యి. వెలగకుంటే ముందుకు పో" అన్నాడు. గనిలో నెత్తి మీద దీపం వెలుగుతుంటే ప్రాణం నిమ్మళంగా ఉంటుంది. ఇక్కడ అదే బల్బు వెలిగితే కొంప మునిగినట్టు.

సోమవారం పొద్దున పదింటికి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి సోల్డరింగ్ ఐరన్ నా చేతికిచ్చాడు. అంతకుముందు రెండు వారాలుగా చెడిపోయిన రేడియో బోర్డుల మీద నాతో వైర్లు అతికించే టాకాలు వేయించాడు కానీ, ఊరికే నేర్పుతున్నాడనుకున్నాను. నాకు ఒళ్ళు మండింది.

"ఇదేంది కాకా? ఇది గూడ కాలితే నా మీదికి రావాలెననా?"

కాక స్క్రూడ్రైవర్ తీసుకుని నా కళ్ళముందు పట్టుకున్నాడు. దాని కొన గడగడా వణికింది. ఆపాలని ఎడమచేత్తో మణికట్టు పట్టుకున్నాడు, అయినా ఆగలేదు. "ఏడాది సంది గింతే. ఎవరికి చెప్పలే. కానియ్ బిడ్డా, టైం పోతది" అన్నాడు. నేను తల దించుకున్నాను. వైర్లు దగ్గరికి లాక్కున్నాను.

పట్టాల నుంచి వచ్చే కరెంటుకు ఎరుపు, నలుపు వైర్లు. మోటారుకు నారింజ, బూడిద రంగువి. మోటారు కింద బాడీకి ఆనుకున్న చోట టేపు ముక్క దూర్చాను. నా ఊపిరికి కూడా వైరు కదులుతోంది. ఆయన పక్కన చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుని మీటరు పెట్టమన్న చోట పెట్టించాడు. "మీటరు చెప్పేదాక నువ్వు చెప్పకు" అన్నాడు నేను అయిపోయిందనబోతే. పన్నెండున్నరకు పై మూత పెట్టి స్క్రూ బిగించి పట్టా ముక్క మీద నిలబెట్టాను. ఆయన జేబులోంచి ఫ్యూజు తీసిచ్చాడు. స్విచ్ వేశాను.

మూడు బల్బులూ భగ్గున వెలిగాయి.

"చెయ్యి తియ్యి!"

స్విచ్ ఆపి గోడకు ఆనుకున్నాను. "కాలింది కాకా. అయిపాయె. ఇగ బెల్టు కిందికే నేను."

"కాలిందని ఎవరు చెప్పిన్రు? వాసన రాలే. దెబ్బ బల్బులు తిన్నయ్." ఫ్యూజు తీసి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "మూత తీసి చూద్దాం."

మూత తీసి ఇంజన్‌ను పట్టా మీద పెడితే బల్బులు వెలగలేదు. మూత పెడితే వెలిగాయి. తీస్తే లేదు. గడియారం ఒంటిగంట చూపిస్తోంది. "మూత పెడితే ఏం మారుతుంది? నువ్వే చెప్పు" అన్నాడు. ఆయనకు తెలుసని నాకు అర్థమైంది.

"తెలిస్తే చెప్పరాదే! పరీక్ష పెట్టే టైమా ఇది?"

"నేను చెప్తే ఇయ్యాల్ల నడుస్తది. వచ్చే ఏడు నేను రిటైర్ అయితున్న. అప్పుడెవరు చెప్తరు?"

కోపంతోనే వెతికాను. బూడిద రంగు వైరు మూత స్క్రూ కింద నలిగి, తోలు చీలి, వెంట్రుకంత రాగి బయటపడింది. దానికి టేపు చుట్టి, పక్కనుంచి తిప్పి అతికించాను. మళ్ళీ మూత. మళ్ళీ ఫ్యూజు. ఒంటిగంటా నలభై. స్విచ్ వేశాను.

వెలగలేదు. నమ్మకం కలగక ఒక్కొక్క బల్బు దగ్గరా చెయ్యి అడ్డం పెట్టి చూశాను. మూడూ నల్లగా ఉన్నాయి. ఆయన నవ్వాడో ఏడ్చాడో తెలియదు, మొహం అటు తిప్పుకున్నాడు.

పెద్దసార్లు వచ్చేసరికి ఆయన అందరి వెనకాల, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. చెప్పమంటే, "ఆమె చెప్తది సార్. ఫిట్ చేసింది ఆమెనే" అన్నాడు. ఒకటో నంబరు నొక్కాను. కొత్త ఇంజన్ పక్క లైనులోకి వెళ్ళి ఆగింది. రెండో నంబరు నొక్కాను. మా పాత ఇంజన్ వ్యాగన్లతో దాని పక్కనుంచి దాటిపోయింది. కొత్తది కదల్లేదు. ఆ రోజు నుంచి ఈ రోజుదాకా నేను ఆ బల్ల దగ్గరే ఉన్నాను. అన్నం తింటే దగ్గు రావడం లేదు.

అది ఆయన వల్లేనన్న మాట ఆయనకు ఒక్కసారి కూడా చెప్పలేదు. తిట్టడానికి వచ్చిన నోరు ఇందుకు రాలేదు. రిటైరై శ్రీరాంపూర్‌లో కూతురి క్వార్టర్‌కు వెళ్ళాక కూడా, ఫోన్ చేస్తే "బల్బులు వెలుగుతున్నయా?" అని ఆయన, "లేవు కాకా" అని నేను. అంతే మా క్షేమసమాచారం.

శ్రీరాంపూర్ చేరేసరికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. పక్కన కూర్చుని కుడిచెయ్యి పట్టుకున్నాను. ఆ సోమవారం తర్వాత ఆ చెయ్యి వణకకుండా ఉండడం నేను చూసింది అదే మొదలు. ఇన్నేళ్ళూ దాచుకున్నదంతా అప్పుడు చెప్పాను, ఎవరు విన్నారో పట్టించుకోలేదు. తలాపున దీపం పెట్టారు. గాలికి రెపరెపలాడి మళ్ళీ నిటారుగా నిలబడింది. వెనకనుంచి ఎవరో "ఇగ చెయ్యి తియ్యమ్మా, స్నానం చేయించాలె" అన్నారు.

దీపం వెలుగుతూనే ఉంది. నేను చెయ్యి తియ్యలేదు.